తిరుగు దారి: ఏడీసీ బోర్డులో అనలాగ్, డిజిటల్ గ్రౌండ్లు

(ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు, బోర్డు డిజైన్‌లోకి కొత్తగా వచ్చిన ఇంజినీర్లకు హైదరాబాద్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

మీలో సొంతంగా ఒక్క సర్క్యూట్ బోర్డయినా వేసినవాళ్లు ఎంతమంది? మంచిది, సగానికి పైనే ఉన్నారు. అందులో ఏడీసీ, అంటే వోల్టేజిని అంకెలుగా మార్చే చిప్, ఉన్న బోర్డు వేసినవాళ్లు? చేతులు తగ్గాయి. ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఏడీసీకి ఏజీఎన్‌డీ (అనలాగ్ గ్రౌండ్) అని ఒక పిన్ను, డీజీఎన్‌డీ (డిజిటల్ గ్రౌండ్) అని ఇంకో పిన్ను ఉంటాయి కదా. వాటిని ఎక్కడ కలిపారు? ఈ బాబు ఫెర్రైట్ బీడ్‌తో కలిపానంటున్నాడు. ఇటు నుంచి ఎవరో జీరో ఓమ్ రెసిస్టర్ అన్నారు. ఆ అమ్మాయి పవర్ సప్లై దగ్గర ఒకే పాయింట్‌లో అంటోంది. ఎందుకలా కలిపావమ్మా? సీనియర్లు చెప్పారా. సరే. నాకూ సీనియర్లే చెప్పారు, నేనూ ఏళ్ల తరబడి అలాగే కలిపాను. తప్పు అక్కడ లేదు. కలిపే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని నాకెవరూ చెప్పలేదు. తిరిగొచ్చే కరెంటు ఏ దారిన తిరిగొస్తోంది? ఈ రోజు చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ముందు గ్రౌండ్ అన్న మాట చూద్దాం. మన ఇళ్ల దగ్గర ఎర్తింగ్ ఎలా చేస్తారు? పెరట్లో గుంట తీసి, పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడుస్తారు. ఎండాకాలంలో దాని మీద నీళ్లు పోస్తారు. చిన్నప్పటి నుంచి అది చూసి చూసి, గ్రౌండ్ అంటే కరెంటు వెళ్లి భూమిలో కలిసిపోయే చోటు అని మనకు ఒక నమ్మకం పడిపోతుంది. బోర్డు మీద గ్రౌండ్ అది కాదు. బ్యాటరీతో నడిచే బోర్డు విమానంలోనూ పనిచేస్తుంది కదా, అక్కడ భూమి ఎక్కడుంది? బోర్డు మీద గ్రౌండ్ అంటే కరెంటు మళ్లీ సప్లైకి చేరుకునే రాగి దారి, అంతే. రాగి అన్నాక దానికి రెసిస్టెన్స్ ఉంటుంది, ఇండక్టెన్స్ (కరెంటు మారేటప్పుడు అడ్డుపడే గుణం) ఉంటుంది. దాంట్లో కరెంటు పారితే ఆ చివరికీ ఈ చివరికీ వోల్టేజిలో తేడా వస్తుంది. స్కీమాటిక్‌లో, అంటే సర్క్యూట్ బొమ్మలో, గ్రౌండ్‌కు మీరు పెట్టే ఆ మూడు గీతల గుర్తు ఈ తేడాను చూపించదు. ఎక్కడ పెట్టినా ఒకటే గుర్తు, ఒకటే నెట్ పేరు. అందుకే తేడా ఉందని మనకు గుర్తుకు రాదు.

ఇప్పుడు ఒక బోర్డు గురించి చెబుతాను. పాల కేంద్రాల్లో బరువు తూచి స్లిప్ ఇచ్చే మెషీన్ కోసం చేసిన బోర్డు. కింద బరువును చిన్న వోల్టేజిగా మార్చే లోడ్ సెల్, దాని సిగ్నల్ చదివే 24 బిట్ల ఏడీసీ హెచ్‌ఎక్స్ 711, ప్రోగ్రాం నడిపే ఒక మైక్రోకంట్రోలర్, అంకెలు చూపించే డిస్‌ప్లే, పక్కన చిన్న థర్మల్ ప్రింటర్. బెంచి మీద అన్నీ బాగున్నాయి. ఆఫీసులో రోజంతా ఆన్‌లో పెట్టాం, సున్నా దగ్గర అంకె కదల్లేదు. ప్రింట్ కొట్టి చూశాం, అప్పుడూ కదల్లేదు. పంపించేశాం.

కొన్ని రోజులకు ఒక కేంద్రం నుంచి ఫోన్. "సార్, డిస్‌ప్లేలో 20.000 ఉంటోంది, స్లిప్‌లో 19.980 వస్తోంది. రైతులు అడుగుతున్నారు." నేనే వెళ్లాను. పొద్దున అయిదున్నర. క్యాన్లు పట్టుకుని మనుషులు వరసలో ఉన్నారు. పక్కన నిలబడి చూశాను. పాలు పోశారు, అంకె ఆగింది. బటన్ నొక్కారు. ప్రింటర్ కదలగానే డిస్‌ప్లేలో అంకె 20 గ్రాములు కిందికి దిగింది. కాగితం బయటికి వచ్చాక మళ్లీ 20.000. మా ప్రోగ్రాం ఏం చేస్తోందంటే, ముందు కేంద్రం పేరు, తేదీ ప్రింట్ చేసి, ఆ తర్వాత అప్పటికప్పుడు బరువు చదివి ప్రింట్ చేస్తోంది. అంటే ప్రింటర్ నడుస్తుండగా చదివిన బరువు స్లిప్ మీదికి ఎక్కుతోంది. 20 గ్రాములే కదా అనిపించవచ్చు. రోజుకు రెండు పూటలు పాలు పోసే మనిషికి అది చిన్నది కాదు. ఆ స్లిప్ మీద అంకెను బట్టే ఆయనకు డబ్బు వస్తుంది.

అక్కడే ఇంకో సంగతి గమనించాను. 5 కిలోలు తూచినప్పుడు దిగింది 5 గ్రాములే. ఖాళీ పళ్లెం మీద అసలు దిగలేదు. ఇది చాలా ముఖ్యం, రాసుకోండి. తప్పు బరువుతో పాటు పెరుగుతోంది. ఖాళీగా ఉన్నప్పుడు లేదు. బెంచి మీద మేం చూసింది ఖాళీ పళ్లెమే. అందుకే మాకు దొరకలేదు.

ఇది ఎందుకలా అవుతుంది? మీలో గోదావరి, కృష్ణా డెల్టాల వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, మంచిది. పై మడి వాళ్లకూ కింది మడి వాళ్లకూ మురుగు నీళ్లు పోయే బోదె ఒకటే అనుకోండి. పై ఆసామి తన మడి నీళ్లు ఒక్కసారిగా వదిలాడు. బోదెలో మట్టం లేస్తుందా లేదా? కింది ఆసామి ఏమీ చేయలేదు. తన మడిలో నీళ్లు బోదెలోకి దిగవు, పైగా బోదె నీళ్లే ఎదురు తంతాయి. ఆయన ఆ బోదె నీటిమట్టం చూసి తన మడి ఎత్తు కొలుస్తున్నాడనుకోండి, కొలత తప్పుతుంది. మడి మారలేదు, కొలిచే ఆధారం లేచింది. మా బోర్డులో జరిగింది అచ్చం ఇదే. పై ఆసామి ప్రింటర్. కింది ఆసామి లోడ్ సెల్.

లెక్క వేద్దాం, పెన్ను తీయండి. మామూలు బోర్డుల మీద రాగి మందం 35 మైక్రాన్లు, ఒక ఔన్సు రాగి అంటాం. ఆ రాగిలో పొడవూ వెడల్పూ సమానంగా ఉన్న ఏ చదరపు ముక్క తీసుకున్నా దాని రెసిస్టెన్స్ సుమారు అర మిల్లీఓమ్. ఒక మిల్లీమీటరు చదరమైనా అంతే, ఒక అంగుళం చదరమైనా అంతే. మా మొదటి బోర్డు రెండు లేయర్లది, అంటే పైనొకటి, కిందొకటి రాగి పొరలు. అందులో గ్రౌండ్ రాగి ఒకచోట స్క్రూ రంధ్రానికీ ఒక పొడవాటి ట్రేస్‌కూ (బోర్డు మీది రాగి తీగకూ) మధ్య సన్నటి మెడలాగా మిగిలింది. వెడల్పు 2 మిల్లీమీటర్లు, పొడవు 10. ఎన్ని చదరాలు? అయిదు. అయిదు అరలు ఎంత? రెండున్నర మిల్లీఓమ్‌లు. మీటరు పెట్టి చూస్తే షార్ట్ అని బీప్ కొడుతుంది. ప్రింటర్ వేడెక్కేటప్పుడు సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది, అదంతా ఆ మెడలోంచే తిరిగొస్తుంది. 2 ఆంపియర్లు, రెండున్నర మిల్లీఓమ్‌లు. ఎంత? 5 మిల్లీవోల్ట్‌లు.

ఇప్పుడు లోడ్ సెల్ మైనస్ తీగను మేం ఎక్కడ కలిపాం? కనెక్టర్ పక్కనే ఉన్న గ్రౌండ్ రాగికి. అది ప్రింటర్ వైపు, మెడకు అవతల. ఏడీసీ గ్రౌండ్ పిన్ను మెడకు ఇవతల. ఏడీసీ ఏమనుకుంటుంది? లోడ్ సెల్‌కు 5 వోల్ట్‌లు ఇస్తున్నానని. (లెక్క తేలికగా ఉండాలని 5 అంటున్నాను, అసలు బోర్డులో కొంచెం తక్కువ.) లోడ్ సెల్‌కు నిజంగా అందేది? 4.995. వెయ్యిలో ఒక వంతు తగ్గింది. లోడ్ సెల్ బయటికిచ్చే సిగ్నల్, దానికి అందిన వోల్టేజిని బట్టి ఉంటుంది. కాబట్టి బరువు కూడా వెయ్యిలో ఒక వంతు తగ్గుతుంది. 20 కిలోలకు వెయ్యిలో వంతు ఎంత? 20 గ్రాములు. 5 కిలోలకు 5 గ్రాములు. సున్నాకు సున్నా. చూశారా? పాల కేంద్రంలో కంటికి కనిపించింది ఈ లెక్కే.

ఇక్కడిదాకా డిజిటల్ అన్న మాటే రాలేదు, గమనించారా? ఇది నెమ్మదైన, అంటే నెమ్మదిగా మారే, కరెంటు కథ. నెమ్మదైన కరెంటు రెసిస్టెన్స్ చూసుకుంటుంది, రాగి ఎక్కడ పలచగా ఉంటే అక్కడ వోల్టేజి వదులుతుంది. వేగమైన కరెంటు కథ వేరు. ఆ తేడా తెలియక మేం రెండో తప్పు చేశాం.

గ్రౌండ్ వల్లే కదా గొడవ, అయితే గ్రౌండ్‌ను రెండుగా కోద్దాం అనుకున్నాం. అందరూ చేసేదే. అనలాగ్‌కు ఒక ద్వీపం, డిజిటల్‌కు ఇంకోటి, మధ్యలో మిల్లీమీటరున్నర సందు, సప్లై దగ్గర ఒక ఫెర్రైట్ బీడ్‌తో కలిపాం. హెచ్‌ఎక్స్ 711 అనలాగ్ ద్వీపంలో, మైక్రోకంట్రోలర్, ప్రింటర్ డిజిటల్ వైపు. బోర్డు వచ్చింది. 20 కిలోల బాటు పెట్టి ప్రింట్ కొట్టాం. అంకె కదల్లేదు! చాలా సంతోషపడ్డాం. ఆ మధ్యాహ్నమే డిస్‌ప్లేలో ఒక్కసారిగా అర్థంలేని అంకె వచ్చి, మరుక్షణం సర్దుకుంది. పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. 20 గ్రాముల తప్పు పోయి, ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద తప్పు వచ్చింది. ఏది నయం? మొదటిదే నయం. అదెప్పుడు వస్తుందో తెలుసు, పట్టుకోవచ్చు.

ఏం జరిగిందో చూద్దాం. మైక్రోకంట్రోలర్ నుంచి ఏడీసీకి క్లాక్ తీగ, అంటే బిట్లు ఎప్పుడు పంపాలో చెప్పే పల్సుల తీగ, వెళ్తోంది. అది ఆ సందు మీద నుంచి దాటుతోంది. క్లాక్ ఒక్కసారి పైకి లేవగానే ఆ తీగలో కరెంటు వెళ్తుంది. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా. ఎలా వస్తుంది?

ఇది బాగా పట్టుకోండి. వేగంగా మారే కరెంటు దగ్గరి దారి చూసుకోదు, వెడల్పాటి దారీ చూసుకోదు. ఇండక్టెన్స్ తక్కువున్న దారి చూసుకుంటుంది. వెళ్లే తీగకు సరిగ్గా కిందనే, దాన్ని ఆనుకుని ఉన్న గ్రౌండ్ రాగిలో వస్తుంది. తీగ వంకర తిరిగితే తనూ వంకర తిరుగుతుంది. తీగ గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్ కోసం పరిచిన రాగి పొర) మీద ఎంత ఎత్తులో ఉందో, దానికి అటు మూడు రెట్లు, ఇటు మూడు రెట్లు వెడల్పులోనే రిటర్న్ కరెంటులో 80 శాతం ఉంటుంది. నాలుగు లేయర్ల బోర్డులో తీగకూ ప్లేన్‌కూ మధ్య 0.2 మిల్లీమీటర్లు ఉందనుకోండి, అటు 0.6, ఇటు 0.6. అంతే. అంత సన్నటి దారిలోనే చాలావరకు తిరిగొచ్చేస్తుంది. అంటే ఏమిటి అర్థం? డిజిటల్ కరెంటును అనలాగ్ వైపు రాకుండా ఆపడానికి గోడ అక్కర్లేదు. తీగలు అటు వెళ్లకపోతే కరెంటూ అటు వెళ్లదు. మనం కోయకముందే అది తన హద్దులో తాను ఉంది.

మేం కోసేశాం. క్లాక్ తీగ సందు దాటింది. కింద దారి తెగిపోయింది. రిటర్న్ కరెంటు ఏం చేస్తుంది? సందు పొడవునా సప్లై దాకా వెళ్లి, బీడ్‌లోంచి దూరి, చుట్టు తిరిగి రావాలి. బీడ్ పనేమిటి? వేగమైన కరెంటుకు అడ్డం పడటం. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 600 ఓమ్‌లు అని దాని డేటాషీట్‌లోనే ఉంది. నెమ్మదైన కరెంటుకు మాత్రం తలుపు తెరిచే ఉంచుతుంది. మనకు కావాల్సింది దానికి తలకిందులు!

బీడ్ సంగతి పక్కన పెట్టి, చుట్టుదారి ఒక్కటే చూసినా చాలు. మోటుగా మిల్లీమీటరుకు ఒక నానోహెన్రీ అనుకోండి. 10 సెంటీమీటర్ల చుట్టుకు 100 నానోహెన్రీలు. 10 మిల్లీఆంపియర్లు 2 నానోసెకన్లలో మారితే ఎంత వోల్టేజి? లెక్క వేయండి... అర వోల్టు. రెండు గ్రౌండ్ల మధ్య అర వోల్టు ఎగిరిపడుతోంది, ఏడీసీ దాని మీద కూర్చుని మైక్రోవోల్ట్‌లు కొలుస్తోంది.

ఎవరో "సార్, మీ క్లాక్ నెమ్మదే కదా, సెకనుకు పదిసార్లే చదువుతారు కదా" అంటున్నారు. మంచి మాట. చదివేది నెమ్మదే. కానీ క్లాక్ పైకి లేచే ఆ అంచు? అది కొన్ని నానోసెకన్లలో అయిపోతుంది. మీరు సెకనుకు ఒక్కసారే లేపినా ఆ అంచు వేగం అంతే. గ్రౌండ్ విషయంలో చూడాల్సింది క్లాక్ ఫ్రీక్వెన్సీని కాదు, అంచు వేగాన్ని.

మరి ఆ పిచ్చి అంకె ఎలా వచ్చింది? ఈ చిప్‌లో ఒక ఏర్పాటుంది. 24 క్లాక్ పల్సులతో 24 బిట్లు బయటికి వస్తాయి. ఆ పైన ఇచ్చే పల్సులతో తర్వాతి కొలత ఎలా ఉండాలో చెబుతాం. మొత్తం 25 ఇస్తే ‘ఏ’ అనే ఛానెల్, గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలో ఆ అంకె) 128. 26 ఇస్తే ‘బీ’ ఛానెల్, గెయిన్ 32. 27 ఇస్తే మళ్లీ ‘ఏ’, గెయిన్ 64. మేం ఎప్పుడూ 25 ఇస్తున్నాం. ప్రింటర్ మోటారు అడుగేసినప్పుడల్లా డిజిటల్ గ్రౌండ్ అనలాగ్ గ్రౌండ్‌తో పోలిస్తే ఎగిరిపడుతోంది, దానికి తోడు క్లాక్ తన చుట్టుదారిలో తాను మోగుతోంది. ఎప్పుడో ఒకసారి ఏడీసీకి ఒక దొంగ పల్సు కనిపిస్తోంది. మేం 25 ఇచ్చాం, అది 26 లెక్కపెట్టుకుంది. తర్వాతి కొలత ఏ తీగా లేని బీ ఛానెల్ నుంచి వచ్చింది. అదీ ఆ పిచ్చి అంకె. ప్రోగ్రాంలో బగ్ అనుకుని రెండు వారాలు వెతికాం. ప్రోగ్రాంలో ఏమీ లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ చిప్‌కు ఉన్న గ్రౌండ్ పిన్నులెన్ని? ఒకటే. దాని పేరు ఏజీఎన్‌డీ. క్లాక్ వచ్చేది, డేటా వెళ్లేది కూడా ఆ ఒక్క పిన్ను ఆధారంగానే. డీజీఎన్‌డీ అన్నదే లేని చిప్ కోసం మేం డిజిటల్ గ్రౌండ్ వేరే చేసి కూర్చున్నాం.

రెండు పిన్నులున్న చిప్‌ల సంగతి ఏమిటి మరి? అది చాలామందిని తికమక పెట్టే చోటు, కాస్త నిదానంగా చెబుతాను. చిప్ లోపల సిలికాన్ ముక్క నుంచి బయటి పిన్నుకు సన్నటి తీగ ఉంటుంది, బాండ్ వైర్ అంటారు. దానికీ ఇండక్టెన్స్ ఉంటుంది. లోపలి డిజిటల్ భాగం టకటకా మారుతున్నప్పుడు ఆ తీగలో వోల్టేజి పుడుతుంది. అనలాగ్ భాగం కూడా అదే తీగ వాడుకుంటే దాని ఆధారం కూడా కదులుతుంది. అందుకని చిప్ చేసినవాళ్లు లోపల రెండు తీగలు వేశారు, బయటికి రెండు పిన్నులిచ్చారు. ఏజీఎన్‌డీ, డీజీఎన్‌డీ అన్న పేర్లు ఆ పిన్ను లోపల దేనికి కలిసిందో చెబుతాయి. బయట మీరు దేనికి కలపాలో చెప్పవు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. అనలాగ్ డివైసెస్ కంపెనీకి చెందిన వాల్ట్ కెస్టర్ ఇదే విషయాన్ని ఏళ్ల క్రితమే విడమరచి రాశారు. రెండు పిన్నులనూ బయట ఒకే గ్రౌండ్‌కు, అనలాగ్ ప్లేన్‌కు, వీలైనంత పొట్టిగా కలపండి అని. డీజీఎన్‌డీ పిన్నును తీసుకెళ్లి గోలగా ఉన్న డిజిటల్ గ్రౌండ్‌కు కలిపితే ఏమవుతుంది? ఆ గోల చిప్ లోపలి కెపాసిటెన్స్ ద్వారా అనలాగ్ భాగంలోకి ఎక్కుతుంది.

"సార్, అప్పుడు ఏడీసీ డిజిటల్ కరెంటు మన శుభ్రమైన అనలాగ్ ప్లేన్‌లోకి వస్తుంది కదా?" అవును, కొంచెం వస్తుంది. దాన్ని తగ్గించడం మన చేతిలో ఉంది. ఏడీసీ డిజిటల్ అవుట్‌పుట్‌ల మీద ఎక్కువ లోడ్ పెట్టకండి. పొడవాటి డేటా బస్‌కు (చాలా చిప్‌లు కలిసి వాడుకునే తీగలకు) నేరుగా కలపకండి. పక్కనే సిరీస్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి వేయండి, అంచు మెత్తబడుతుంది. డీకప్లింగ్ కెపాసిటర్‌ను, అంటే సప్లైకీ గ్రౌండ్‌కూ మధ్య వేసేదాన్ని, పిన్నుకు ఆనించినట్టు పెట్టండి, ఆ కరెంటు అక్కడికక్కడే తిరిగిపోతుంది.

మరి గ్రౌండ్ ఒకటా, రెండా? నా మాట సూటిగా చెబుతాను. ఒకటే. తెగని, చిల్లులు పడని, నిండు ప్లేన్ ఒకటే. విడదీయాల్సింది రాగిని కాదు, భాగాలను. బోర్డు మీద అనలాగ్ ఒక పక్క, డిజిటల్ ఒక పక్క, ఎక్కువ కరెంటు లాగేవి సప్లై కనెక్టర్ పక్కనే. ఏడీసీ రెండింటి సరిహద్దు మీద కూర్చుంటుంది. డిజిటల్ తీగ ఏదీ అనలాగ్ వైపు పొలిమేర తొక్కకూడదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెన్రీ ఓట్ గట్టిగా చెప్పింది కూడా ఇదే: ప్లేన్ ఒకటే ఉంచండి, భాగాల అమరికలో, తీగల దారిలో క్రమశిక్షణ పాటించండి అని.

నేను నా దగ్గర పనిచేసే పిల్లలకు ఒక పద్ధతి నేర్పిస్తాను. లేఅవుట్ మొదలుపెట్టేటప్పుడు గ్రౌండ్ ప్లేన్ మీద నిజంగానే ఒక గీత గీయండి, అది కోత అనుకోండి. ఏడీసీ కింద మాత్రం వంతెన వదలండి. ఇక తీగలన్నీ వేయండి. ఏ తీగ అయినా అటు నుంచి ఇటు దాటాలంటే ఆ వంతెన మీదుగానే దాటాలి. అంతా అయ్యాక ఆ గీత చెరిపేయండి. చెరిపేస్తే నష్టం ఉండదు, ఎందుకంటే దాన్ని ఎవరూ దాటడం లేదు. చెరపకుండా ఉంచితే? రేపు ఇంకొకరు వచ్చి ఒక ఎల్ఈడీ కోసం తీగను దాని మీద నుంచి లాగేస్తారు. ఆ బోర్డు గోల చుట్టూ ఉన్న రేడియోలన్నిటికీ వినిపిస్తుంది.

పవర్ వైపు మాత్రం బీడ్ పెట్టుకోవచ్చు. అనలాగ్ సప్లైకి వెళ్లే ప్లస్ తీగలో బీడ్, దాని తర్వాత కెపాసిటర్ పెట్టడం మంచి అలవాటు. ఆర్డ్యునో ఊనో మీద ఉన్న మైక్రోకంట్రోలర్ ఏటీమెగా 328పీ డేటాషీట్ చూడండి. దాని అనలాగ్ సప్లై పిన్ను ఏవీసీసీకి 10 మైక్రోహెన్రీ ఇండక్టర్, 100 నానోఫ్యారడ్ కెపాసిటర్ చూపిస్తారు. ఇండక్టర్ ప్లస్ వైపే ఉంది. గ్రౌండ్ వైపు లేదు. ఎస్‌టీఎం 32 మైక్రోకంట్రోలర్లలో వీఎస్ఎస్ఏ అన్న అనలాగ్ గ్రౌండ్ పిన్ను కూడా అంతే, నేరుగా అదే ప్లేన్‌కు.

కోయాల్సిన సందర్భాలు అసలు లేవా? ఉన్నాయి. మనిషి ఒంటికి తగిలే ఈసీజీ లాంటి పరికరం, 230 వోల్ట్‌ల మెయిన్స్‌ను కొలిచే బోర్డు, ఇలాంటి చోట రెండు గ్రౌండ్లు పూర్తిగా వేరుగా ఉండాలి. అక్కడ బీడ్ కాదు, జీరో ఓమ్ కాదు, ఏ కలయికా ఉండకూడదు. సిగ్నల్ ఆప్టోకప్లర్‌లోంచో డిజిటల్ ఐసోలేటర్‌లోంచో, అంటే రాగి కలయిక లేకుండా సిగ్నల్‌ను దాటించే భాగాల్లోంచే, దాటాలి. అది ప్రాణానికి సంబంధించిన విషయం, నాయిస్‌కు సంబంధించింది కాదు. ఇంకో సందర్భం ఇందాక చూశాం. మోటార్ల వంటి వాటి ఆంపియర్ల కొద్దీ నెమ్మదైన కరెంటు. అది తీగ కిందనే రాదు, ప్లేన్ అంతా పరుచుకుంటుంది. కనెక్టర్‌ను సరైన చోటికి జరపడం కుదరకపోతే, దాన్ని పక్కకు మళ్లించడానికి చిన్న కోత పెట్టొచ్చు. కానీ ఆ కోత మీదుగా ఏ సిగ్నలూ పోకూడదు. ముందు కనెక్టర్‌ను జరిపి చూడండి, నూటికి తొంభై సార్లు కోత అవసరం రాదు.

ఒకటి అడుగుతున్నారు, "డేటాషీట్‌లోనే రెండు ప్లేన్‌లు వేసి ఏడీసీ కింద కలపమని బొమ్మ ఉంటుంది కదా." ఉంటుంది. ఆ బొమ్మలో ఏడీసీ ఎన్ని? ఒకటే. ఒకటే ఉన్నప్పుడు అది పనిచేస్తుంది, తీగలన్నీ ఆ కలిసిన చోటు మీదుగా వేస్తే. మీ బోర్డులో మూడు ఏడీసీలున్నాయనుకోండి. ప్రతిదాని కింద కలిపితే మూడు చోట్ల కలిశాయి. ఒకే పాయింట్ అన్న మాట అక్కడే పోయింది. పైగా కలిసిన చోట్ల మధ్య ఉంగరంలా దారులు ఏర్పడ్డాయి. అంతకంటే ఒకటే ప్లేన్ వేసేయడం మేలు కదా?

కొలిచేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. గ్రౌండ్ మీద నాయిస్ ఉందో లేదో చూద్దామని ఆసిలోస్కోప్ తీసుకుంటారు. ప్రోబ్‌కు వేలాడే ఆ మొసలి క్లిప్పు తీగ ఉంటుంది చూడండి, జానెడు పొడవు. అదొక ఉంగరం అయి కూర్చుంటుంది, చుట్టుపక్కల గోలంతా పట్టేస్తుంది. బోర్డులో లేని నాయిస్ తెర మీద కనిపిస్తుంది. క్లిప్పు తీసేసి, ప్రోబ్ మొనకు చుట్టే చిన్న స్ప్రింగ్ పెట్టండి. ప్రోబ్ మొననూ ఆ స్ప్రింగ్‌నూ రెండింటినీ ఒకే గ్రౌండ్ పాయింట్‌కు ఆనించి ముందు చూడండి. అక్కడ కూడా నాయిస్ కనిపిస్తే అది మీ ప్రోబ్‌ది, బోర్డుది కాదు.

చివరగా మా మూడో బోర్డు. అదీ రెండు లేయర్లదే, ధర పెంచే వీలు లేదు. కింది లేయర్ మొత్తం గ్రౌండ్‌కే ఇచ్చేశాం, తీగలన్నీ పైనే. ఒకటి రెండు చోట్ల తప్పక కిందికి దించాల్సి వస్తే అయిదారు మిల్లీమీటర్ల లోపు దించి మళ్లీ పైకి తెచ్చాం. ప్రింటర్ కనెక్టర్‌ను సప్లై జాక్ పక్కకు జరిపాం. దాని 2 ఆంపియర్లు అక్కడి నుంచి అక్కడికే తిరుగుతాయి. లోడ్ సెల్ కనెక్టర్, ఏడీసీ అవతలి మూల. లోడ్ సెల్ మైనస్ తీగ నేరుగా ఏడీసీ ఏజీఎన్‌డీ పిన్ను దగ్గరికే వచ్చి కలుస్తుంది, మధ్యలో ఎక్కడా ప్లేన్‌ను తాకదు. క్లాక్, డేటా తీగలు పొట్టిగా, కింద తెగని గ్రౌండ్ మీదుగా, తలా ఒక 100 ఓమ్‌ల రెసిస్టర్‌తో. బీడ్‌ను గ్రౌండ్ నుంచి తీసేశాం. ప్రోగ్రాంలోనూ మార్చాం, బటన్ నొక్కగానే బరువు పట్టుకుని ఆ తర్వాతే ప్రింటర్‌ను కదిలిస్తుంది. బోర్డు బాగున్నా సరే, అది అలాగే ఉండాలి.

ఆ బోర్డు పట్టుకుని మళ్లీ అదే కేంద్రానికి వెళ్లాను. ఈసారి 20 కిలోల బాటు వెంట తీసుకెళ్లాను. పొద్దున్నే, పాలు పోయడం మొదలు కాకముందు, వరసలో ఉన్నవాళ్ల ఎదుటే పళ్లెంలో బాటు పెట్టి ప్రింట్ బటన్ నొక్కాను. ప్రింటర్ కదిలింది. డిస్‌ప్లేలో 20.000. కాగితం సగం వచ్చింది, 20.000. కాగితం పూర్తిగా వచ్చింది. ముందు నిలబడ్డ పెద్దాయన స్లిప్ చింపి తీసుకుని, డిస్‌ప్లే వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూశాడు. తర్వాత తన క్యాను తెచ్చి పళ్లెం మీద పెట్టాడు.